ఓపెన్ ప్లాన్ ఇల్లు

ఓపెన్ ప్లాన్ ఇల్లు అనగా హాలు, భోజనాల గది, వంటగది వంటి భాగాలను గోడలతోను, తలుపులతోను వేరుచేయకుండా ఒకే విశాలమైన గదిగా అమర్చిన ఇల్లు. ఇటువంటి ఇళ్ళలో కూడా పడకగదులు, స్నానాల గదులు సాధారణంగా విడిగానే ఉంటాయి. కొత్తగా కట్టే ఇళ్ళలోనే కాక, పాత ఇళ్ళను, ఫ్లాట్లను బాగుచేయించుకొనే సమయంలో వంటగదికి, హాలుకు నడుమ ఉన్న గోడను తీసివేసి ఈ అమరికను తెచ్చుకొనేవారు కూడా ఉన్నారు.

కొత్త ఇంటిలో ఈ అమరికను నక్షా గీసేటప్పుడే నిర్ణయిస్తారు. పాత ఇంటిలో మాత్రం అప్పటికే ఏదో ఒక పని చేస్తున్న గోడను తొలగించవలసి వస్తుంది. ఆ గోడ పైకప్పు బరువును మోస్తూ ఉండవచ్చు. పొగను, వేడిని, శబ్దాన్ని, చూపును ఆపుతూ ఉండవచ్చు. గోడ తీసిన తరువాత ఆ పనులను ఏది చేస్తుంది అన్న ప్రశ్నకు సరైన సమాధానం ఉన్న ఇంటికి ఓపెన్ ప్లాన్ తగినదవుతుంది. సమాధానం లేని ఇంటికి అది ఇబ్బందిని, కొన్ని సందర్భాలలో ప్రమాదాన్ని తెస్తుంది.

చరిత్ర

వండుకోవడం, తినడం, నిద్రించడం ఒకే గదిలో జరగడం మానవులకు కొత్త కాదు. ఉత్తరాంధ్ర తీరప్రాంతంలోని చుట్టిల్లు అటువంటి ఒకే గది ఇల్లు. అయితే అది అవసరం వలన వచ్చిన అమరిక. గదులు కట్టుకోగలిగినవారు కూడా కావాలని గోడలు మానుకోవడం ఇరవయ్యవ శతాబ్దంలో మొదలైన పద్ధతి. ఇటుక గోడలే పైకప్పును మోసినంతకాలం గోడలను ఇష్టం వచ్చినట్లు తగ్గించుకొనే వీలు లేదు. ఉక్కు, ఇనుప ఊచలు వేసిన కాంక్రీటు వాడుకలోకి వచ్చిన తరువాత బరువును పిల్లర్లు, బీములు మోయసాగాయి. గోడ కేవలం తెరగా మారింది.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చికాగోలో నిర్మించిన రోబీ హౌస్‌లో (1910) కూర్చునే గది, భోజనాల గది ఒకే పొడవైన ప్రదేశంగా ఉంటాయి. వాటిని వేరుచేసేది నడుమ ఉన్న నిప్పుగూడు మాత్రమే. ఆయనే 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో ఒక మధ్యతరగతి కుటుంబానికి కట్టిన జేకబ్స్ గృహంలో వంటచోటును కూడా కూర్చునే గదివైపు తెరచి ఉంచాడు. ఐరోపాలో లె కార్బూజియే 1914లో డోమ్-ఇనో అనే నమూనాను గీశాడు. అందులో శ్లాబులను పిల్లర్లే మోస్తాయి, గోడలను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మీస్ వాన్ డెర్ రోహ్ రూపకల్పనలో 1951లో ఇల్లినాయిస్‌లో పూర్తయిన ఫార్న్స్‌వర్త్ గృహం ఈ ఆలోచనకు చివరి హద్దు. అది అద్దాల గోడల నడుమ ఒకే గది. చూసేవారు దానిని ఎంతో మెచ్చుకున్నారు, కానీ అందులో ఏకాంతం లేదని యజమానురాలే విమర్శించింది.

వంటగది చరిత్ర దీనికి భిన్నంగా నడిచింది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్-లిహోట్‌స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కొరకు సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల చిన్న వంటగదిని రూపొందించింది. అన్నీ చేతికి అందేటట్లు అమర్చి, ఇల్లాలి శ్రమను, నడకను తగ్గించడం దీని ఉద్దేశం. ఇటువంటివి దాదాపు 10,000 కట్టారు. శ్రమ తగ్గినా, వండేవారు ఇంటిలోని మిగతావారికి దూరంగా ఒంటరిగా ఉండవలసి వస్తున్నదని తరువాతి కాలంలో విమర్శ వచ్చింది. వంటగది గోడ తీయడానికి నేటికీ చెప్పే ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ అమరిక అమెరికాలో సామాన్యుల ఇళ్ళకు వ్యాపించింది. కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ సంస్థ కట్టి అమ్మిన సుమారు 11,000 ఇళ్ళు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 2020లో కోవిడ్-19 వలన పెద్దల ఉద్యోగాలు, పిల్లల చదువులు ఒకేసారి ఇంటికి చేరినప్పుడు తలుపు వేసుకొనే గది విలువ మళ్ళీ చర్చకు వచ్చింది.

భారతదేశంలో ఈ విషయంపై పనిచేసినవారిలో సికింద్రాబాదులో 1930లో జన్మించిన ఛార్లెస్ కొరియా ఒకడు. 1960ల ఆరంభంలో ఆయన అహ్మదాబాదులో నిర్మించిన ట్యూబ్ హౌస్ తక్కువ ఆదాయం గలవారి కొరకు ఉద్దేశించిన సన్నని, పొడవైన ఇల్లు. లోపలి భాగాలను గోడలు, తలుపులతో కాక నేల ఎత్తులలోని తేడాలతో వేరుచేశాడు. వేడిగాలి ఏటవాలు కప్పు వెంట పైకి పోయి బయటకు వెళ్ళే విధంగా, దాని స్థానంలోకి చల్లగాలి వచ్చే విధంగా ఆ ఇంటిని రూపొందించాడు. గోడలు తీసివేయడం ఇక్కడ గాలి ప్రసరణ కొరకు జరిగింది.

తెలుగువారి ఇళ్ళలో

గోదావరి, కృష్ణా ప్రాంతాలలోని మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరచిన మండువా, దాని చుట్టూ స్తంభాలపై నిలిచిన వసారా, వసారాల వెనుక గదులు ఉంటాయి. పగటి పనులు, పిల్లల ఆటలు, ఆడవారి కబుర్లు, విందుల పంక్తులు ఎక్కువగా ఈ వసారాలలోనే జరిగేవి. చూపు, గాలి, వెలుతురు ఇల్లంతా తిరిగేవి. అయితే వంటిల్లు మాత్రం ఒక మూలకో, పెరటివైపుకో విడిగా ఉండేది. కట్టెల పొయ్యి పొగ, మడి ఆచారం రెండూ ఇందుకు కారణాలు. అంటే ఇంటి నడిమి భాగాన్ని తెరచి ఉంచి, పొగ పుట్టే చోటును, నిద్రించే చోటును మూసి ఉంచడం ఈ ఇళ్ళలోని పద్ధతి.

నగరాలలో ఫ్లాట్లు వచ్చిన తరువాత హాలు, భోజనాల చోటు కలిసిపోయాయి. చాలా రెండు పడకగదుల ఫ్లాట్లలో ఈ రెంటికీ నడుమ ఒక ఆర్చి మాత్రమే ఉంటుంది, లేదా అదీ ఉండదు. కనుక తెలుగువారి ఇళ్ళలో ఓపెన్ ప్లాన్ గురించి ఆలోచించేటప్పుడు అసలు ప్రశ్న సాధారణంగా వంటగది గోడ గురించే ఉంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది తలక్రిందులుగా ఎదురవుతుంది. అక్కడ కొనే ఇంటిలో వంటగది చాలావరకు ముందే తెరచి ఉంటుంది. తాలింపు ఘాటు, వేపుళ్ళ వాసన సోఫాలకు, తివాచీలకు పట్టకుండా కొందరు గ్యారేజీలోనో, వెనుక వరండాలోనో రెండవ పొయ్యి పెట్టుకుంటారు. దక్షిణాసియావారు ఎక్కువగా ఉన్న కొన్ని ప్రాంతాలలో ఇళ్ళు కట్టేవారు ప్రధాన వంటగది వెనుక తలుపు గల మరొక చిన్న వంటగదిని కట్టి, స్పైస్ కిచెన్ అనే పేరుతో అమ్ముతున్నారు.

స్థలం నిజంగా ఎంత పెరుగుతుంది

గోడ తీస్తే ఇల్లు పెద్దదవుతుందని సాధారణంగా భావిస్తారు. లెక్క వేస్తే పెరిగే స్థలం చాలా తక్కువ. పది అడుగుల పొడవు గల నాలుగున్నర అంగుళాల గోడ, రెండువైపులా ప్లాస్టరింగుతో కలిపి, ఆక్రమించే నేల సుమారు నాలుగున్నర చదరపు అడుగులు మాత్రమే. అదే గోడకు రెండువైపులా కలిపి సుమారు 200 చదరపు అడుగుల ముఖం ఉంటుంది. వంటగదివైపు అలమరలు, గూళ్ళు, మసాలా డబ్బాల అరలు, హాలువైపు టీవీ, పుస్తకాలు, ఫొటోలు దానిపైనే ఉంటాయి. గోడతో పాటు ఇవన్నీ మరొక చోటు వెతుక్కోవలసి వస్తుంది.

పెరిగేది నేల కాదు, నేలను వాడుకొనే వీలు. తలుపు తెరుచుకొనే చోటు, గోడను చుట్టి నడిచే దారి మిగులుతాయి. భోజనాల బల్లను పండుగనాడు హాలులోకి జరుపుకోవచ్చు. ఒకవైపు కిటికీ నుండి వచ్చే వెలుతురు రెండవవైపుకు చేరుతుంది. మూలలో చీకటిగా ఉన్న వంటగదికి, లేదా రెండువైపులా కిటికీలున్నా నడుమ గోడ వలన గాలి ఆడని ఇంటికి ఇది పెద్ద లాభం. అప్పటికే వెలుతురు, గాలి ఉన్న ఇంటికి ఈ లాభం స్వల్పం.

గోడ బరువు మోస్తున్నదా

గోడను తొలగించే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇది. ఇంటిని కట్టిన విధానాన్ని బట్టి సమాధానం మారుతుంది.

ఇటుక గోడలపై శ్లాబు వేసిన ఇళ్ళు: పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడలపైనే శ్లాబు వేసిన పాత ఇళ్ళలో దాదాపు ప్రతి లోపలి గోడా బరువు మోస్తుంది. రెండు గదుల నడుమ గోడను ఉదాహరణగా తీసుకుంటే, ఇరువైపులా గదుల వెడల్పు 3.5 మీటర్ల చొప్పున ఉన్నప్పుడు, గోడకు రెండు పక్కల సగం సగం గది కప్పు దానిపై ఆధారపడుతుంది. ఐదంగుళాల శ్లాబు, దానిపై గచ్చు, మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 600 కిలోలుగా లెక్కిస్తే, నాలుగు మీటర్ల గోడపై ఒక్క అంతస్తు నుండే ఎనిమిది టన్నులకు పైగా బరువు ఉంటుంది. పై అంతస్తులో అదే వరుసలో తొమ్మిదంగుళాల గోడ ఉంటే మీటరు పొడవుకు మరో 1400 కిలోలు దానికి చేరుతుంది.

పిల్లర్లు, బీములు ఉన్న ఇళ్ళు: వీటిలో బరువును పిల్లర్లు మోస్తాయి. బీములు, పిల్లర్ల నడుమ కట్టిన నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలను సాధారణంగా తొలగించవచ్చు. అయితే తరువాతి కాలంలో పైన వేసిన గది, నీళ్ళ ట్యాంకు వంటివి ఆ గోడపై ఆనుకొని ఉండవచ్చు. కొన్ని ఇళ్ళలో ముందుభాగానికి పిల్లర్లు, వెనుకభాగానికి గోడలు ఆధారంగా ఉంటాయి.

కాంక్రీటు గోడల ఫ్లాట్లు: అల్యూమినియం ఫారాలు బిగించి గోడలను, శ్లాబును ఒకేసారి కాంక్రీటుతో పోసే పద్ధతిని ఇటీవలి ఎత్తైన అపార్టుమెంట్లలో ఎక్కువగా వాడుతున్నారు. దీనిని వ్యవహారంలో మైవాన్ పద్ధతి అంటారు. ఇందులో కాంక్రీటుతో పోసిన గోడలే కట్టడానికి ఆధారం. సన్నగా ఉన్నంత మాత్రాన వాటిని అడ్డుగోడలుగా భావించరాదు. ఇటువంటి ఫ్లాట్లలో గోడ తీయడమే కాదు, కొత్తగా తలుపుకు సందు కొట్టడం కూడా తగదు.

అమెరికాలోని చెక్క ఇళ్ళు: వీటిలో లోపలి గోడలు నిలువు చెక్కలపై జిప్సం పలకలు బిగించినవి. పైకప్పు దూలాలు గోడకు అడ్డంగా వచ్చి దానిపై ఆనితే అది బరువు మోసే గోడ అయ్యే అవకాశం ఎక్కువ. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగులు ఉండవచ్చు గనుక గోడ కొట్టేటప్పుడు లేచే దుమ్ము విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు అవసరం.

గోడ మందం, దానిపై తట్టినప్పుడు వచ్చే శబ్దం సూచనలు మాత్రమే, రుజువులు కావు. మూల నక్షాను, వీలైతే పిల్లర్ల, బీముల నక్షాను చూసి, ఇంటిని పరిశీలించి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పవలసిన విషయం ఇది. మేస్త్రి అనుభవం పనిలో ఎంత విలువైనదైనా ఈ లెక్కకు ప్రత్యామ్నాయం కాదు.

గోడ తీస్తే శ్లాబులో జరిగేది

నడిమి గోడ ఉన్నప్పుడు ఆధారాల మధ్య దూరం ఒక గది వెడల్పు. గోడ తీస్తే ఆ దూరం రెట్టింపు అవుతుంది. ఒకే రకమైన బరువు సమంగా పరచుకొని ఉన్నప్పుడు శ్లాబును వంచే ప్రభావం దూరం యొక్క వర్గాన్ని బట్టి, కిందికి కుంగడం దూరం యొక్క నాల్గవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. కనుక దూరం రెండింతలైతే వంపు ప్రభావం నాలుగింతలు, కుంగడం పదహారింతలు కాగలదు.

ఊచల అమరిక మరొక సమస్య. రెండు గదులపై ఏకంగా పోసిన శ్లాబులో నడిమి గోడ ఉన్నచోట శ్లాబు పైభాగం సాగుతుంది, కనుక అక్కడ ఊచలను పైవైపున వేస్తారు. గోడ పోయిన తరువాత అదే చోట అడుగుభాగం సాగనారంభిస్తుంది. అక్కడ అడుగున తగినన్ని ఊచలు ఉండకపోవచ్చు. శ్లాబు వెంటనే కూలకపోయినా, నెలల తరువాత పగుళ్ళు, నీటి చెమ్మ, ఊచలకు తుప్పు రూపంలో ఫలితం కనబడవచ్చు.

బరువు మోసే గోడను తీయడం అసాధ్యం కాదు. పైకప్పును జాకీలతో తాత్కాలికంగా నిలబెట్టి, గోడ స్థానంలో లెక్క ప్రకారం ఉక్కు దూలాన్ని గాని, కాంక్రీటు బీమును గాని పెడతారు. గోడ పొడవునా పరచుకొని ఉన్న బరువు ఇప్పుడు దూలం యొక్క రెండు చివరలలో చేరుతుంది. అందువలన ఆ చివరల కింద కొత్త పిల్లర్లు, వాటికి పునాదులు కూడా అవసరం కావచ్చు. పైన పెట్టిన దూలం గురించి మాత్రమే ఆలోచించి కింది పునాదిని మరచిపోవడం ఇటువంటి పనులలో జరిగే పొరపాటు. ఫ్లాటులో ఈ పని దాదాపు సాధ్యం కాదు, ఎందుకంటే ఆ బరువు కింది ఇంటివారి గోడలపై పడుతుంది.

భూకంపం వచ్చే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం సంభవించినప్పుడు దాని కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులోనూ అనేక అపార్టుమెంట్లు కూలిపోయాయి. కింది అంతస్తును వాహనాల కొరకు గోడలు లేకుండా పిల్లర్లపై వదలిన కట్టడాలు వాటిలో ఎక్కువ. బరువు మోయని ఇటుక గోడ కూడా కట్టడం పక్కకు ఊగకుండా కొంత బిగువునిస్తుంది. ఒకే అంతస్తులో గోడలు చాలావరకు తీసివేస్తే ఆ అంతస్తు మిగతావాటికంటే బలహీనమవుతుంది. ఒక ఫ్లాటులో ఒక చిన్న అడ్డుగోడ తీయడం వలన ఇంతటి ముప్పు రాకపోవచ్చు, కానీ ప్రతి ఇంటివారూ ఎవరికి వారే అదే పని చేస్తే వచ్చే మొత్తాన్ని లెక్కించేవారు ఉండరు. పునాదులు, పిల్లర్లు, బీములు, ప్రధాన గోడలు అపార్టుమెంటులోని అందరికీ ఉమ్మడి ఆధారాలు. సంఘం అనుమతి, స్థానిక పురపాలక నిబంధనలు అవసరమయ్యేది ఇందుకే.

పొగ, వాసన, వేడి

తెలుగువారి వంటలో తాలింపు, వేపుడు, మాడ్చిన ఎండుమిరప ఘాటు, చేపల పులుసు వాసన నిత్యం ఉండేవి. నూనె బాగా కాగినప్పుడు అతి సూక్ష్మమైన నూనె తుంపరలు గాలిలో కలిసి, చల్లబడినచోట పేరుకుంటాయి. మూసిన వంటగదిలో అవి పలకలపై, అలమరలపై పేరుకుంటాయి, వాటిని తుడవవచ్చు. తెరచిన వంటగదిలో అవి తెరలు, సోఫాలు, పుస్తకాలు, ఫ్యాను రెక్కల వరకు చేరుతాయి.

ఈ పనిని గోడకు బదులు చిమ్నీ చేయవలసి ఉంటుంది. గొట్టం ద్వారా గాలిని ఇంటి బయటకు పంపే చిమ్నీ మాత్రమే పొగను, వేడిని, తేమను తొలగిస్తుంది. గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదిలే రకం నూనెను కొంత పట్టుకున్నా వేడిని, తేమను తీసివేయదు. కనుక బయటి గోడకు దగ్గరగా పొయ్యి లేని ఇంటిలో, గొట్టానికి దారి లేని ఫ్లాటులో వంటగదిని తెరవడం తగదు. హాలులోని సీలింగు ఫ్యాను గాలి నేరుగా పొయ్యిపైకి వస్తే మంట చెదరడమే కాక పొగ కూడా చిమ్నీకి అందకుండా పక్కకు పోతుంది.

వేసవిలో ఏసీ విషయం ముఖ్యం. ఒక టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తొలగిస్తుంది. గ్యాస్ పొయ్యిపై రెండు బర్నర్లు పెద్దమంటపై వెలిగితే దాదాపు అంతే వేడి పుడుతుంది. వంటగది, హాలు ఒకటైనప్పుడు ఒక టన్ను ఏసీ పొయ్యి వేడిని తీయడానికే సరిపోతుంది. పైగా చిమ్నీ చల్లబడిన గాలినే బయటకు తోస్తుంది. 40 చదరపు మీటర్ల నేల, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో 120 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 1000 ఘనపు మీటర్ల సామర్థ్యం గల చిమ్నీ లెక్క ప్రకారం దానిని ఏడెనిమిది నిమిషాలలో మార్చివేస్తుంది. ఏసీ పడకగదికే పరిమితమై, హాలులో కిటికీలు తెరచుకొని ఫ్యానుతో ఉండే ఇంటికి ఈ చిక్కు లేదు.

సిలిండర్లలో వచ్చే వంట గ్యాస్ గాలికంటే బరువైనది. లీకైనప్పుడు నేల వెంట పరచుకుంటుంది. గోడ లేనప్పుడు అది హాలులోని దీపం, స్విచ్చి, అగరువత్తి వరకు చేరగలదు. నేలకు దగ్గరగా గాలి బయటకు పోయే మార్గం ఉండడం అవసరం. అగ్నిప్రమాదంలో మూసిన తలుపు పొగను, మంటను కొంతసేపు ఆపి బయటపడడానికి వ్యవధినిస్తుంది. తెరచిన ఇంటిలో ఆ వ్యవధి తగ్గుతుంది.

శబ్దం, ఏకాంతం

మిక్సీ దగ్గర శబ్దం 80 డెసిబెల్లు దాటవచ్చు. కుక్కరు ఈల, గిన్నెల చప్పుడు, టీవీ, ఫోను మాటలు ఒకే గదిలో కలిసినప్పుడు ఒకదానిని మించి మరొకటి పెరుగుతాయి. గ్రానైటు, టైల్సు, అద్దాలు, ప్లాస్టరు గోడలు శబ్దాన్ని పీల్చుకోక తిప్పికొడతాయి. దళసరి తెరలు, పరుపులు, పుస్తకాల అరలు కొంత పీల్చుకుంటాయి.

పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రి విధులు చేసి పగలు నిద్రించేవారు, ఇంటి నుండి ఉద్యోగం చేసేవారు ఉన్న ఇంటిలో తలుపు వేసుకొనే మరో గది ఉన్నదా అన్నది చూడవలసి ఉంటుంది. ఒక పడకగది మాత్రమే ఉన్న ఇళ్ళలో రాత్రివేళ హాలే తాతయ్యకో, నాయనమ్మకో, బంధువులకో పడకగది అవుతుంది. వంటగది గోడ పోతే తెల్లవారుజామున కాఫీ కాచే వెలుతురు, చప్పుడు నేరుగా వారి పక్కమీద పడతాయి.

ఇంకొకవైపు, గోడ లేనందువలన వండేవారు చిన్నపిల్లలను కనిపెట్టుకొని ఉండగలరు, మంచాన ఉన్న పెద్దవారి పిలుపు వినగలరు, వచ్చినవారితో మాట్లాడగలరు. వంట ఒకరి పని కాక అందరికీ కనబడే పని కావడం వలన సాయం అడగడం, చేయడం తేలికవుతుంది. చక్రాల కుర్చీ వాడేవారికి ద్వారాలు, మలుపులు తగ్గడం మేలు. అయితే నీళ్ళతొట్టిలోని అంట్లు, తరిగిన కూరల తొక్కలు ఎప్పుడూ హాలులోని వారికి కనబడతాయి. సర్దుబాటు పని కూడా సాధారణంగా వండేవారి మీదనే పడుతుంది. కనుక ఈ నిర్ణయంలో రోజూ వండేవారి అభిప్రాయానికి మొదటి స్థానం ఉండవలసి ఉంటుంది.

పూజగది వంటగదిని ఆనుకొని ఉన్న ఇళ్ళలో, మాంసాహారం వండే ఇళ్ళలో, మడి పాటించే పెద్దలున్న ఇళ్ళలో గోడ ఆచారానికి సంబంధించిన హద్దు కూడా అవుతుంది. దీనిని ముందే కుటుంబంలో మాట్లాడుకోకపోతే పని పూర్తయిన తరువాత మళ్ళీ తెర కట్టవలసి వస్తుంది.

మధ్యేమార్గాలు

గోడను పూర్తిగా ఉంచడం, పూర్తిగా తీయడం అనే రెండు మార్గాలే కాక మరికొన్ని ఉన్నాయి.

* జరిపే తలుపులు: జపాన్ ఇళ్ళలోని ఫుసుమా పలకలు గదులను అవసరాన్ని బట్టి కలుపుతాయి, విడదీస్తాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో 1924లో గెరిట్ రీట్‌వెల్డ్ కట్టిన ష్రోడర్ గృహం పై అంతస్తు పగలు ఒకే గది, రాత్రి పలకలు జరిపితే విడి గదులు. హాలుకు, వంటగదికి నడుమ అద్దాల జరుగుడు తలుపు పెడితే తాలింపు వేళ మూసి, మిగతా సమయంలో తెరచి ఉంచవచ్చు.
* సగం గోడ: అరుగు ఎత్తు వరకు గోడ ఉంచి పైన తెరవడం. అంట్లు కనబడవు, చూపు, మాట సాగుతాయి. పొగ మాత్రం ఆగదు.
* వడ్డన కిటికీ: గోడలో తలుపులు గల కిటికీ పెట్టి వంటకాలు అందించుకోవడం. ఖర్చు తక్కువ.
* రెండు పొయ్యిలు: కాఫీ, టిఫిను వంటివి తెరచిన భాగంలోను, వేపుళ్ళు, పచ్చళ్ళు, పిండివంటలు పెరటి వరండాలోను. స్థలం ఉన్న ఇళ్ళకు అనువైనది. పాత మండువా ఇళ్ళ పద్ధతికి దగ్గరైనది.

వీటిలో గోడకు సందు కొట్టవలసిన ఏ మార్గానికైనా, అది బరువు మోసే గోడ అయితే, ఇంజనీరు సలహా తప్పనిసరి.

నిర్ణయించే క్రమం

ఇంటిని మార్చదలచినవారు కింది క్రమంలో పరిశీలించడం మేలు. ఒక దశలో సమాధానం ప్రతికూలమైతే తరువాతి దశకు ఖర్చు పెట్టవలసిన అవసరం ఉండదు.

1. గోడ బరువు మోస్తున్నదా? మోస్తే, దాని స్థానంలో దూలం, పిల్లర్లు, పునాది పెట్టడానికి వీలు, డబ్బు ఉన్నాయా?
2. ఫ్లాటు అయితే సంఘం, పురపాలక అనుమతులు లభిస్తాయా?
3. గోడలో నీటి గొట్టాలు, కరెంటు తీగలు, గ్యాస్ గొట్టం ఉన్నాయా? వాటిని ఎటు మళ్ళించాలి?
4. చిమ్నీ గొట్టం బయటకు వెళ్ళే దారి ఉన్నదా?
5. గోడపైని అలమరల సామాను ఎక్కడికి పోతుంది?
6. ఇంటిలో తలుపు వేసుకొని చదువుకోవడానికి, నిద్రించడానికి మరో గది ఉన్నదా?
7. రోజూ వండేవారు ఏమంటున్నారు?

గోడ తీయకముందే ఫలితాన్ని కొంతవరకు పరీక్షించవచ్చు. వంటగది తలుపును ఊడదీసి రెండు వారాలు గడిపితే వాసన, శబ్దం ఎంతవరకు వస్తున్నాయో తెలుస్తుంది. వేపుడు చేసిన రోజు, బంధువులు వచ్చిన రోజు, పిల్లల పరీక్షల రోజు ఎలా ఉన్నదో గమనించి రాసుకోవచ్చు. కొత్తగా పెట్టదలచిన బల్లను, అరుగును నేలపై సుద్దతో గీసి, నడక ఎలా సాగుతుందో చూడవచ్చు. తలుపు ఊడదీస్తేనే భరించలేనిది గోడ తీస్తే తగ్గదు. అదే సమయంలో తలుపు లేకపోవడం ఇంటివారికి హాయిగా తోచి, గోడ కేవలం అడ్డుగోడ అని తేలితే, ఓపెన్ ప్లాన్ ఆ ఇంటికి తగినదని చెప్పవచ్చు.